షాపు బోర్డు మీద ఇంగ్లీషు తప్పు ఎక్కడ పుడుతుంది?

మీరు అడిగింది ఇది: మన ఊళ్ళలో షాపుల ఇంగ్లీషు బోర్డుల మీద నవ్వొచ్చే స్పెల్లింగ్ తప్పులు ఇన్ని ఎందుకుంటాయి, రాసేవాళ్ళకి చదువు రాకనా, పట్టించుకోకనా? నేను 1989 నుంచి గుంటూరులో బోర్డులు రాస్తున్నాను. మొదట్లో రేకు మీద, గోడ మీద, షట్టర్ల మీద కుంచెతో రాశాను. 2000 దాటాక కంప్యూటర్ నేర్చుకుని ఫ్లెక్సులు, వినైల్ స్టిక్కర్లు చేశాను. ఇప్పుడు ఎక్కువగా ఏసీపీ అనే అల్యూమినియం షీటు మీద యాక్రిలిక్ అక్షరాలు, లోపల ఎల్‌ఈడీ లైట్లు. ఇన్నేళ్ళలో నేను చూసిన తప్పుల్లో చదువు రాక జరిగినవి తక్కువ. ఎక్కువ వాటి వెనక ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క తెలిస్తే తప్పు చూసినప్పుడు నవ్వు వచ్చినా, రాసిన మనిషి మీద చిన్నచూపు మాత్రం రాదు.

అందరికీ తెలిసిన బోర్డుతో మొదలుపెడతాను. వైన్ షాపు ముందు 'చిల్డ్ బీర్' అని ఉండాల్సిన చోట 'చైల్డ్ బీర్' అని ఉంటుంది. సి, హెచ్, ఐ, ఎల్, డి. దేశమంతా ఈ ఫోటో తిరుగుతుంది. రాసినవాడి వైపు నుంచి ఒక్కసారి చూడండి. వాడు బడిలో 'చిల్డ్రన్' అనే మాట నేర్చుకున్నాడు. అందులో మొదటి అయిదు అక్షరాలు సి, హెచ్, ఐ, ఎల్, డి. వాటిని 'చిల్డ్' అనే పలకాలని టీచరే చెప్పాడు. అదే అయిదు అక్షరాలు విడిగా ఉంటే 'చైల్డ్' అవుతుందని ఇంగ్లీషు పెట్టిన మెలిక. వాడు తెలిసిన మాటలోంచి తెలిసిన ముక్క తీసి పెట్టాడు. బుర్ర వాడకపోతే ఆ తప్పు రాదు.

మనకి తెలుగు రాయడం నేర్పినప్పుడు ఏం చెప్పారు? పలికినట్టు రాయి, రాసినట్టు చదువు అని. గుణింతం వచ్చిన పిల్లవాడు ఎన్నడూ వినని మాట చెప్పినా దాదాపు సరిగ్గానే రాస్తాడు. ఆ నమ్మకంతోనే మనం ఇంగ్లీషులోకి వెళతాం. అక్కడ మనకి దొరికే మొదటి పాఠం మన పేరే. కమల, రమణ, గంగ అని ఇంగ్లీషులో రాసేటప్పుడు 'అ' వినపడిన ప్రతిచోటా 'ఏ' అక్షరం పెడతాం. అది మన చేతికి అలవాటైపోతుంది. ఇప్పుడు లంచ్, కట్టింగ్, పంచర్, కర్రీ అనే మాటలు పలకండి. నాలుగింటిలోనూ మన చెవికి 'అ' వినపడుతుంది. ఇంగ్లీషువాడు నాలుగింటిలోనూ 'యు' పెట్టాడు. మన చేయి 'ఏ' పెడుతుంది. అందుకే లంచ్ హోమ్ మీద ఎల్ పక్కన ఏ, పంచర్ షాపు మీద పి పక్కన ఏ, కర్రీ పాయింట్ కాస్తా క్యారీ పాయింట్.

ఈ కర్రీ సంగతి కొంచెం ఆగి చెప్పాలి. ఆ మాట మన దక్షిణాదిదే, తమిళంలో 'కరి' నుంచి పోయింది. వెళ్ళిన మాటకి ఇంగ్లీషువాళ్ళు వాళ్ళ చెవి ప్రకారం సి, యు, రెండు ఆర్లు, వై పెట్టుకున్నారు. అదే చెవితో మన కడపకి సి, యు, రెండు డీలు, ఏ, పి, ఏ, హెచ్ అని ఎనిమిది అక్షరాలు పెట్టారు. అందులో మొదటి 'అ'కి కూడా యు అక్షరమే. ఆ స్పెల్లింగ్ రైల్వే స్టేషన్ మీద, కలెక్టరాఫీసు మీద, పటాల మీద దశాబ్దాల పాటు ఉంది. 2005లో ప్రభుత్వం మార్చి, ఇప్పుడున్న 'కడప' స్పెల్లింగ్ పెట్టింది. విజయనగరంలో జకారానికి జెడ్ అక్షరం ఇప్పటికీ ఉంది. ఏలూరు 'ఎల్లోర్' అయింది, బెజవాడలో మధ్య అక్షరం ఎగిరిపోయి 'బెజ్వాడ' అయింది. వాళ్ళు మన పేర్లు చెవితో విని రాసుకున్నవి గెజిట్‌లోకి ఎక్కాయి. మనవాళ్ళు వాళ్ళ మాటలు చెవితో విని రాసినవి నవ్వుల ఫోటోలయ్యాయి. రెండూ ఒకే రకం పని అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక 'అర్' అనే చప్పుడు. నా దగ్గరికి వచ్చే తప్పుల్లో పెద్ద వాటా దీనిదే. టైలర్, పార్లర్, కౌంటర్, పాపులర్, సెంటర్. అయిదింటి చివరా మనకి వినపడేది ఒకటే. ఇంగ్లీషులో మాత్రం టైలర్‌కి ఓ-ఆర్, పార్లర్‌కి ఓ-యు-ఆర్, కౌంటర్‌కి ఈ-ఆర్, పాపులర్‌కి ఏ-ఆర్, సెంటర్‌కి బ్రిటిష్ పద్ధతిలో ఆర్-ఈ. వినికిడిలో తేడా లేనప్పుడు ఏది ఎక్కడో గుర్తుపెట్టుకోవడం తప్ప దారి లేదు. బోర్డు రాసే మనిషికి బట్టీ పట్టే తీరిక ఎక్కడిది? పంచర్, ఫర్నిచర్ ఇంకా కష్టం. 'చర్' అని వినపడేచోట టి-యు-ఆర్-ఈ ఉంటుందని మామూలుగా ఎవరు ఊహిస్తారు? పంచర్‌కి సి-హెచ్-ఈ-ఆర్ పెడితే 'పంచ్ కొట్టేవాడు' అని అర్థం వస్తుంది, జనం నవ్వుతారు. టైరుకి మేకు గుచ్చుకున్న పంచరూ, చేత్తో గుద్దే పంచీ కూడా లాటిన్‌లో 'పొడవడం' అనే ఒకే మాట నుంచి వచ్చాయి. చుట్టరికం ఉన్న మాటలే, రాత మాత్రం వేరు.

జంట అక్షరాల గొడవ మరొకటి. తెలుగులో ఒత్తు ఉంటే అది వినపడుతుంది. గుడి వేరు, గుడ్డి వేరు. కాబట్టి రెండు అక్షరాలు రాస్తే రెండూ పలకాలని మన లెక్క. కాఫీలో రెండు ఎఫ్‌లు, రెండు ఈలు ఉన్నాయంటే మన చెవి ఒప్పుకోదు. అడ్రస్‌లో రెండు డీలు, రెండు ఎస్‌లు. మొబైల్ షాపుల మీద ఉండే యాక్సెసరీస్ అనే మాటలో రెండు సీలు, మధ్యలో రెండు ఎస్‌లు, చివర ఇంకో ఎస్. ఈ ఒక్క మాటకి నేను కనీసం పది రకాల రాతలు చూశాను. ఇంగ్లీషు బాగా చదువుకున్నవాళ్ళు కూడా పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆగే మాట అది.

రెస్టారెంట్ గురించి నేను వాదించను కూడా. అది ఫ్రెంచి మాట, మొదట ఒంట్లోకి సత్తువ తెచ్చే సూపుకి ఆ పేరు ఉండేది. మధ్యలో ఏ-యు ఎందుకో తెలియాలంటే ఫ్రెంచి తెలియాలి. బార్లు పెట్టేవాళ్ళలో ఎంతమందికి వస్తుంది?

ఇంగ్లీషు ఇలా ఎందుకైందో ఒక్క మాట చెప్పి ముందుకెళతాను. కాక్స్‌టన్ అనే ఆయన 1476లో ఇంగ్లండులో మొదటి అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు వచ్చాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడ్డాయి, కానీ ఆ తర్వాత కూడా జనం పలికే తీరు మారుతూనే పోయింది. రాత పాతది, పలుకు కొత్తది. పైగా కొందరు పండితులు లాటిన్ గౌరవం కోసం పలకని అక్షరాలు చొప్పించారు. రిసీట్‌లో 'పి' అలా వచ్చిందే. షేక్‌స్పియర్ సంతకాలుగా ఒప్పుకున్నవి ఆరు మిగిలాయి, వాటిలో ఆయన పేరు ఒకే తీరుగా లేదు. జాన్సన్ నిఘంటువు 1755లో వచ్చేదాకా వాళ్ళకీ నికరమైన కొలబద్ద లేదు. వాళ్ళు స్థిరపడడానికి అన్ని వందల ఏళ్ళు తీసుకున్నారు.

చెవి సంగతి అయింది. ఇప్పుడు చేతులు మారే సంగతి. మా పనిలో అసలైన ప్రమాదం ఇక్కడే ఉంది.

కుంచె రోజుల్లో ఓనర్ నోటితో చెప్పేవాడు. మేం సున్నం దారం కొట్టి పైనా కిందా గీతలు వేసుకుని, చాక్‌పీసుతో అక్షరాలు గీసుకుని, ఎనామిల్ పెయింట్‌తో నింపేవాళ్ళం. చాక్‌పీసు దశలో తప్పు దొరికితే తడి గుడ్డతో తుడిస్తే పోయేది. పెయింట్ పడ్డాక దొరికితే టర్పెంటైన్ పెట్టి తుడవాలి, అడుగు రంగు కూడా మసకబారుతుంది. మా గురువుగారు ఒక పద్ధతి నేర్పారు. అక్షరాలు గీశాక నిచ్చెన దిగి రోడ్డుకి అవతల నిలబడి, మాటగా కాకుండా వెనక నుంచి ఒక్కో అక్షరం చదవాలి. మాటగా చదివితే మనసు ఉన్నదాన్ని చూడదు, ఉండాల్సినదాన్ని చూస్తుంది. వెనక నుంచి చదివితే ఆ మోసం ఉండదు. ఈ రోజుకీ మా ఆపరేటర్ పిల్లల చేత ఇదే చేయిస్తాను.

ఇంగ్లీషు అసలు రానివాళ్ళు కూడా చక్కటి బోర్డులు రాసేవారు. వాళ్ళకి అక్షరం ఒక బొమ్మ. కాగితం మీద ఉన్న బొమ్మని అలాగే దించుతారు, షేడ్ ఇస్తారు, అంచు కొడతారు, ఆ చేతి పనికి దండం పెట్టాలనిపిస్తుంది. అలాంటివాళ్ళ దగ్గర స్పెల్లింగ్ తప్పులు తక్కువ, ఎందుకంటే సొంతంగా ఏమీ ఊహించరు. వచ్చే తప్పు వేరే రకం. ఎన్, ఎస్, జెడ్ అక్షరాలు తిరగబడతాయి. ముఖ్యంగా అద్దం తలుపుల మీద. వానకీ దుమ్ముకీ పోకుండా అద్దం లోపలి వైపు నుంచి రాస్తాం కాబట్టి, బయటికి సరిగ్గా కనపడాలంటే లోపల అంతా తిరగేసి రాయాలి. ఏ, హెచ్, ఎమ్, ఓ, టి లాంటివి తిరగేసినా అలాగే ఉంటాయి, బాధ లేదు. బి, ఈ లాంటివి తిరగబడితే ఎవరికైనా వెంటనే తెలుస్తుంది. ఎన్, ఎస్ మాత్రం తిరగబడినా చూడడానికి సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తాయి. అంబులెన్స్ ముందు కావాలనే తిరగేసి రాసే పేరు చూశారు కదా, ముందు వెళ్ళే డ్రైవరు అద్దంలో చదువుకోవడానికి. ఆ రాత రాసేటప్పుడు పెద్ద చేయి తిరిగిన ఆర్టిస్టు కూడా ఎన్ దగ్గర, ఎస్ దగ్గర ఆగి చూసుకుంటాడు.

ఫ్లెక్స్ వచ్చాక చేతులు పెరిగాయి. ఓనర్ ఫోన్లో చెబుతాడు. షాపులో కుర్రాడు ఓ చీటీ మీద రాసి, దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతాడు. ఆపరేటర్ దాన్ని చూసి కొడతాడు. డిజైన్ తిరిగి ఓనర్ ఫోన్‌కి వెళుతుంది. ఆయన అరచేతిలో పట్టే తెర మీద చూసేది ఏమిటి? దేవుడి బొమ్మ బాగుందా, తన పేరు పెద్దగా ఉందా, ఫోన్ నంబరు సరిగ్గా ఉందా, అంతే. 'ఓకే' అని పెడతాడు. అరగంటలో మిషన్ మీద పది అడుగుల ఫ్లెక్స్ దిగిపోతుంది. ఈ ముగ్గురిలో ప్రతి ఒక్కరూ స్పెల్లింగ్ ఇంకొకరు చూసి ఉంటారనే అనుకుంటారు. బ్యూటీ పార్లర్ బోర్డులో ఓనరమ్మ రాసిన 'పై లైను పింక్ కలర్' అన్న సూచన కూడా ఇంగ్లీషు అక్షరాల్లో పేరుతో పాటే అచ్చవడం నేను కళ్ళారా చూశాను. చీటీలో ఏది బోర్డు మీదికో, ఏది ఆపరేటర్‌కో విడదీసి రాయకపోతే అలాగే అవుతుంది.

కంప్యూటర్ తప్పులు పట్టుకోదా అని మీకు అనుమానం రావచ్చు. రెండు కారణాల వల్ల పట్టుకోదు. చాలా సాఫ్ట్‌వేర్లలో స్పెల్లింగ్ చూసే ఏర్పాటు, మొత్తం పెద్ద అక్షరాల్లో ఉన్న మాటల్ని మామూలుగా వదిలేస్తుంది. మన బోర్డులేమో దాదాపు అన్నీ పెద్ద అక్షరాల్లోనే. రెండో కారణం, డిజైన్ ప్రింటింగ్‌కి పంపే ముందు ఫాంట్ మారిపోకుండా అక్షరాలన్నిటినీ 'కర్వ్స్'లోకి మారుస్తాం. ఆ తర్వాత అవి అక్షరాలు కావు, గీతల బొమ్మలు. పాత ఫైల్ తెరిచి పేరు మాత్రం మార్చి కొత్త షాపుకి ఇచ్చేటప్పుడు, కింద ఉన్న 'స్టేషనరీ' తప్పు ఉంటే అదీ బొమ్మగానే వచ్చేస్తుంది. ఒక డిజైన్‌లో దొర్లిన తప్పు ఒక ఊళ్ళో ఇరవై షాపులకి పాకడం ఇలాగే. మీరు ఒకే తప్పు చాలాచోట్ల చూస్తుంటే అది ఇరవైమంది అజ్ఞానం అనుకోకండి, ఒకే ఫైల్ అయి ఉంటుంది.

స్టేషనరీ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. పుస్తకాల షాపుకి ఈ-ఆర్-వై, కదలకుండా ఉన్నదానికి ఏ-ఆర్-వై. ఒక్క అక్షరమే తేడా. కానీ రెండింటికీ మూలం ఒకటే. పూర్వం యూరప్‌లో తిరుగుతూ అమ్మేవాళ్ళు ఎక్కువ, విశ్వవిద్యాలయాల దగ్గర పుస్తకాలు అమ్మేవాళ్ళు మాత్రం ఒకేచోట స్థిరంగా కొట్టు పెట్టుకునేవారు. స్థిరంగా ఉన్నవాడు కాబట్టి 'స్టేషనర్' అన్నారు. నేను 1992లో ఒక కొట్టుకి ఏ-ఆర్-వై రాశాను. ఒక హైస్కూలు మాస్టారు నిచ్చెన కింద నిలబడి, "నాయనా, ఒక్కసారి దిగుతావా" అని పక్కకి పిలిచి, ఓనర్ వినకుండా ఆ తేడా చెప్పారు. ఓనర్ ముందు చెప్పి ఉంటే నా కూలి పోయేది. చెప్పిన తీరు నాకు ఆ అక్షరం కన్నా ఎక్కువ గుర్తుంది.

తప్పు కానివాటిని కూడా తప్పులని నవ్వేవాళ్ళున్నారు. వాటిని వేరు చెయ్యాలి. మన దగ్గర హోటల్ అంటే భోజనం దొరికే చోటు, గదులు లేకపోయినా సరే. మిలటరీ హోటల్ అంటే మాంసం వండే హోటల్, సైన్యంతో పని లేదు. వైన్స్ అంటే మందు షాపు. కూల్ డ్రింక్స్, మీల్స్ రెడీ, కర్రీ పాయింట్, మెస్, ఇవన్నీ మన దేశపు ఇంగ్లీషు. సెలూన్‌కి రెండు ఓలు పెట్టడం మనకి మామూలే, ఒకప్పుడు ఇంగ్లండులోనూ మంగలి షాపుని అలాగే రాసేవారు. కలర్ ల్యాబ్‌లో యు లేకపోతే అది అమెరికా స్పెల్లింగ్. ఇడ్లీని ఐ-డి-ఎల్-వై అని రాస్తే ఇంగ్లీషులో 'పని లేకుండా' అనే మాటతో కలుస్తుందని కొందరు ఎత్తిచూపుతారు. ఆంధ్రలో ఆ రాతే స్థిరపడింది, బోర్డు చూసినవాడికి వేడి ఇడ్లీయే గుర్తొస్తుంది. బిర్యానీకి, దోసెకి, వడకి ఒకే స్పెల్లింగ్ అంటూ ఎవరూ తేల్చలేదు. లత, కవిత అనే పేర్లలో మనం టి పక్కన హెచ్ పెడతాం, ఉత్తరాదివాళ్ళు పెట్టరు. ట, త తేడా చూపించడానికి దక్షిణాదిలో పాటించే పద్ధతి అది.

చీరల పక్కన ఉండే చిన్న షాపుల్లో పీకో అనే మాట ఉంటుంది కదా, చీర అంచు కుట్టడం. అది ఫ్రెంచిలో 'పికో', చివర పలకని టి కూడా ఉంది. మనవాళ్ళు ఐతో రాస్తారు, రెండు ఈలతో రాస్తారు, సి పెడతారు, కె పెడతారు. ఏది తప్పు అని ఎవరు తేలుస్తారు? ఆ పక్కనే 'మ్యాచింగ్ సెంటర్' ఉంటుంది. అందులో టి ఎగిరిపోతే మాత్రం చూసేవాడికి 'మెషీన్' గుర్తుకొస్తుంది, కుట్టు మిషన్లు అమ్ముతారేమో అనుకుంటాడు. అది నిజంగా సరిచెయ్యాల్సిన తప్పు. నా కొలత ఇదే. కొనడానికి వచ్చినవాడు దారి తప్పుతాడా? తప్పితే సరిచెయ్యాలి. మందుల షాపు, ల్యాబు, ఆస్పత్రి బోర్డుల విషయంలో మాత్రం నేను ఒక్క అక్షరం కూడా వదలను, ఎంత ఆలస్యమైనా ఆపి మళ్ళీ అడుగుతాను. ట్యూషన్ సెంటర్లకీ అంతే. ట్యూషన్‌లో మొదటి ఐ చెవికి వినపడదు, అందుకని చాలా బోర్డుల్లో అది ఉండదు. చదువు చెప్పే చోట పిల్లలు రోజూ చూసే మాట అది.

కావాలని పెట్టించుకునే తప్పులు ఒక రకం. న్యూమరాలజీ చూపించుకుని వచ్చి, "గురువుగారూ, శ్రీలో ఇంకో ఈ పెట్టండి, చివర ఎస్ ఇంకొకటి తగిలించండి" అంటారు. పెడతాను. అది వాళ్ళ నమ్మకం, వాళ్ళ డబ్బు.

ఇంకో రకం నాకు బాధ కలిగిస్తుంది. పదేళ్ళ కిందట ఎవరో దరఖాస్తులో పేరు తప్పు కొట్టారు. అదే స్పెల్లింగ్‌తో జీఎస్టీ వచ్చింది, ఫుడ్ లైసెన్స్ వచ్చింది, బ్యాంకులో కరెంట్ అకౌంట్ తెరిచారు. జీఎస్టీ నంబరు, అది 15 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది, దాన్ని షాపు ముందు బోర్డు మీద చూపించాలని రూల్ ఉంది. నంబరు పక్కన పేరు కాగితాల్లో ఉన్నట్టు లేకపోతే ఏ ఆఫీసర్ ఏమంటాడో అని ఓనర్‌కి టెన్షన్. తప్పని తెలిసినా అలాగే రాయమంటాడు. కాగితాలన్నీ మార్చుకోవడానికి అయ్యే తిరుగుడు తలుచుకుంటే కాదనలేం. బోర్డు మీద మీరు చూసే తప్పు ఒక్కోసారి ఆ షాపువాడి చట్టబద్ధమైన పేరు.

తెలుగు సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద చేసిన నిబంధనల్లో పేరు బోర్డు తెలుగులో ఉండాలని, వేరే భాష వాడితే అది తెలుగు కింద ఉండాలని ఉంది. చాలాచోట్ల తెలుగు ఓ మూలకి చిన్నగా చేరుతుంది. అందులో ఒత్తులు ఊడిపోతాయి, దీర్ఘాలు పోతాయి, పాత ఫాంట్ ఇంకో కంప్యూటర్లో తెరుచుకుని సగం అక్షరాలు గుర్తుల్లా మారతాయి. ఇంగ్లీషులో ఒక అక్షరం తప్పితే ఫోటో తీస్తారు. తెలుగులో ఒత్తు పోతే ఎవరికీ పట్టదు. ఇది నన్ను ఏళ్ళుగా కలవరపెడుతున్న విషయం.

మీరు షాపు పెట్టబోతుంటే నా సలహా ఇది. బోర్డు మీదికి వెళ్ళే మాటలు ఒక కాగితం మీద, సూచనలు ఇంకో కాగితం మీద రాసివ్వండి. నోటితో చెప్పొద్దు. ఆపరేటర్‌ని అక్షరాలు కర్వ్స్‌లోకి మార్చకముందే, చిన్న అక్షరాల్లో ఒకసారి కొట్టి చూడమనండి, అప్పుడు కంప్యూటర్ కూడా సాయం చేస్తుంది. డిజైన్ ఫోన్లో చూసి ఓకే చెప్పొద్దు. ఏ4 కాగితం మీద ప్రింట్ తీయించి, అప్పటిదాకా దాన్ని చూడని మనిషి చేత చదివించండి. ఇంట్లో ఆరో తరగతి చదివే పిల్ల ఉంటే చాలు, వెనక నుంచి ఒక్కో అక్షరం చదవమనండి. పదివేలు పెట్టే బోర్డుకి పది నిమిషాలు ఎక్కువేం కాదు. వేసేశాక దొరికితే ఫ్లెక్స్‌ని అతుకు వేసి సరిచెయ్యడం బాగా కుదరదు, ఎండకి వెలిసిన రంగూ కొత్త ముక్క రంగూ కలవవు. వినైల్, యాక్రిలిక్ అయితే ఒక్క అక్షరం తీసి మార్చవచ్చు.

పోయినేడాది ఆ ఒక్క అక్షరం పని మీదే ఒక భార్యాభర్తలు నా దగ్గరికి వచ్చారు. అరండల్‌పేట వైపు చిన్న కర్రీ పాయింట్ నడుపుతారు. వాళ్ళ బోర్డు వేరేచోట చేయించుకున్నదే. కర్రీలో యు బదులు ఏ పడింది. ఎవరో ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టారు. బోర్డు మీద ఫోన్ నంబరు కూడా ఉంది, దాన్ని చెరపలేదు. రాత్రి పదకొండింటికి, పన్నెండింటికి కుర్రాళ్ళు ఫోన్ చేసి, "క్యారీ పాయింటా? మా సామాను క్యారీ చేస్తారా?" అని నవ్వి పెట్టేస్తున్నారట. అసలు ఆర్డర్ల ఫోన్లు వస్తాయని ఆపెయ్యడానికీ లేదు. ఆమె నన్ను అడిగింది, "అన్నయ్యా, మా కూరలో ఏమన్నా తప్పుంటే చెప్పమనండి, దిద్దుకుంటాం. దీంట్లో ఏం తప్పు చేశామో మాకు తెలియట్లేదు" అని. కాగితం మీద రెండు మాటలూ రాసి చూపించాను. కడప కథ కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఆ కాగితం వంక చూశాడు.

మీ దగ్గర అలాంటి ఫోటోలుంటే, దయచేసి ఫోన్ నంబరూ షాపు పేరూ కనపడకుండా చెరిపి పంపండి. వీలైతే షాపు ఖాళీగా ఉన్న వేళ లోపలికి వెళ్ళి మెల్లగా చెప్పండి, మా మాస్టారు నాకు చెప్పినట్టు.

ఆ రాత్రి పదిన్నరకి, వాళ్ళు గిన్నెలు కడిగి షాపు కట్టేశాక, నేనే నిచ్చెన వేసుకుని ఎక్కాను. ఎర్ర యాక్రిలిక్‌లో అదే సైజు యు కోయించి తీసుకెళ్ళాను. ఏ తీసేసి, లోపల లైటు వైరు మళ్ళీ కలిపి, యు బిగించేసరికి ముప్పావు గంట పట్టింది. మర్నాడు సాయంత్రం ఆమెకి ఫోన్ చేసి ఎలా ఉందని అడిగాను. మధ్యాహ్నం గోంగూర పప్పు, దొండకాయ వేపుడు అన్నీ ఒంటిగంటన్నరకే అయిపోయాయని, వచ్చినవాళ్ళలో బోర్డు మారిందని ఒక్కరూ గమనించలేదని చెప్పింది.